గుర్రం రాని పాట

మా వెంకటసుబ్రమణియన్ వాత్యారుకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఇంటికొచ్చిన మనిషిని "ఏం తింటివి?" అని అడిగేవారు. అంతవరకు మర్యాదే. కానీ మీరు తిన్నానని చెప్పిన పదార్థాన్ని హార్మోనియం మీద మొదటి నుంచి చివరిదాకా వాయించి వినిపిస్తే గాని మిమ్మల్ని గడప దాటనిచ్చేవారు కాదు. కోవిల్‌పట్టిలో మా తెలుగిళ్ళలో కూడా పంతులుగారిని వాత్యారనే అంటాం. ఆయన స్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు, నేను లెక్కలు చెప్పేవాణ్ణి. ఇళ్ళు ఎదురెదురు. ఆ పాపానికి పన్నెండేళ్ళపాటు నేను తిన్న ప్రతిదాన్నీ రెండుసార్లు అరిగించుకోవలసి వచ్చింది.

తిండిని వాయించడమేమిటని మీరడుగుతారు. నేనూ అడిగాను, బుద్ధి తక్కువై. ఆయన చెప్పిందేమిటంటే, గుడ్డులో, పాలలో, మన రక్తంలో, వెంట్రుకలో ఉండే మాంసకృత్తులన్నీ ఇరవై రకాల పూసలతో గుచ్చిన దండలట. ఏ పూస తర్వాత ఏ పూస వస్తుందో శాస్త్రజ్ఞులు కనిపెట్టి అక్షరాలుగా రాసి పెట్టారట. మదురైలో ఒక లైబ్రరీలో ఆ అక్షరాల పుస్తకం దొరికితే, రెండు వేసవి సెలవులు అక్కడే కూర్చుని పదకొండు నోటుబుక్కుల్లోకి ఎత్తి రాసుకొచ్చారు. తర్వాత 1993లో విరుదునగర్‌లో మూతబడిన నాటక కంపెనీ వాళ్ళ హార్మోనియం ఒకటి కొన్నారు. దానికి తెల్ల మెట్లు ఇరవై రెండు. ఇరవై పూసలకు ఇరవై మెట్లు సరిపోయాయి. మిగిలిన రెండు తెల్ల మెట్లూ, నల్ల మెట్లు మొత్తమూ ఆయన దృష్టిలో దండగ.

ఆయనకు సంగీతం రాదు. నేను ఎత్తిపొడుపుగా చెప్పడం లేదు, ఆయనే గర్వంగా చెప్పుకునేవారు.

"సంగీతం తెలిస్తే చెయ్యి సొంతంగా ఒక సొరం సేరుస్తాది మురుగేశా. నాకు తెలీదు. అందుకే ఉన్నది ఉన్నట్టు వస్తాది."

"ఉన్నది ఉన్నట్టు వస్తే వినేవాళ్ళు ఉండొద్దా సార్?" అన్నాను.

"నిజాన్ని వినేవాళ్ళు యాపొద్దైనా తక్కువే" అని కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ మాట ఆయన ఎంత గంభీరంగా అన్నారంటే, నవ్విన పాపానికి నేనే తలుపు దగ్గర చెప్పులు వెతుక్కున్నాను.

వాయించడం కూడా ఆషామాషీగా ఉండేది కాదు. కాళ్ళు కడుక్కుని, నామం దిద్దుకుని, చాప పరుచుకుని కూర్చునేవారు. "కోడిగుడ్డు తెల్లసొన. నూట ఇరవై తొమ్మిది సొరాలు" అని ప్రకటించేవారు. ఎదురుగా ఉన్నవాళ్ళు కాలుమీద కాలు వేసుకోకూడదు, మధ్యలో లేవకూడదు. ఎడమచేత్తో తిత్తి ఊదుతూ, కుడిచేతి చూపుడువేలుతో ఒక్కొక్క మెట్టే నొక్కేవారు. ఒక్కటి తప్పు పడిందా, మళ్ళీ మొదటి నుంచి. ఒకసారి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు ఒకాయన ఆమ్లెట్ తిన్నానని చెప్పిన పాపానికి, నూట పన్నెండో స్వరం దగ్గర ఒకసారి, నూట ఇరవై ఏడు దగ్గర ఇంకోసారి తప్పుపడి, మూడోసారి పూర్తయ్యేసరికి తిరునెల్వేలి బస్సు వెళ్ళిపోయింది. ఆ ఇన్‌స్పెక్టరు తర్వాత మా స్కూలును రోడ్డు మీద నిలబడే తనిఖీ చేసేవాడు.

తప్పు వాయించి దాటేయడం ఆయనకు చేతకాదు. ఈ ఒక్క సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి.

మా వీధిలో ఆడవాళ్ళు ఎక్కువమంది అగ్గిపెట్టెల కంపెనీలో చెక్క చట్రాల్లో పుల్లలు అమర్చే పని చేసేవాళ్ళు. వాళ్ళకు ఇంగ్లీషు అక్షరాలు రావని, ఆయన మెట్ల మీద అగ్గిపెట్టెల లేబుళ్ళు అతికించారు. ఒకదానికి కోడి, ఒకదానికి రోజాపువ్వు, ఒకదానికి గంట, ఇట్లా ఇరవై బొమ్మలు. అన్నిటికంటే అరుదుగా వచ్చే పూసకు గుర్రం బొమ్మ. దండలో గుర్రం ఎప్పుడొస్తుందా అని పిల్లలు ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్ళు. రాగానే చప్పట్లు.

అందరికంటే బాగా వినేది వాత్యారు పక్కింటి రాజాత్తి. పగలంతా పుల్లలు లెక్కపెట్టే చెయ్యి గనక ఆమె దగ్గర లెక్క తప్పేది కాదు. నాకు షుగరు వచ్చిందని తెలిసిన రోజు వాత్యారు పరామర్శకని నన్ను తన ఇంటికి పిలిపించి, ఓదార్పు మాటొక్కటీ చెప్పకుండా, మనిషి ఇన్సులిన్ ఒకటి, పంది ఇన్సులిన్ ఒకటి వాయించారు. రెండింటికీ ఒకే ఒక్క స్వరం తేడా అట. ఎక్కడో చెప్పమన్నారు. లెక్కల వాత్యారునైన నాకు ఆవగింజంత కూడా తెలియలేదు. గోడవతల గిన్నెలు తోముతున్న రాజాత్తి అక్కడినుంచే అరిచింది.

"రెండో దండలో ముప్పయ్యోది మారినాది సామీ. రోజా ఉండాల్సిన కాడ కోడి కూసె."

వాత్యారు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సూస్తివా మురుగేశా? ఎమ్మెస్సీ చదివి ఏం లాభం?" అన్నారు. ఆ ఎమ్మెస్సీ నాదే.

ఇడ్లీ తిన్నానని చెబితే మాత్రం ఆయనకు కోపం వచ్చేది. మినప్పప్పు దండ వివరం ఆయన పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు. "దొరల దేశంలో ఎవడికీ ఉళుందు అక్కర లేదప్పా" అని ఆ రోజంతా ముభావంగా ఉండేవారు. అందుకని నాకు తొందర పని ఉన్నప్పుడల్లా, ఏం తిన్నా సరే, ఇడ్లీ అనే చెప్పేవాణ్ణి. అబద్ధం ఎంత సుఖమో నాకు తెలుసు. ఆయనకే తెలియదని అప్పట్లో అనుకునేవాణ్ణి.

1997లో ఆయన అక్క కూతురు వాసుకి పెళ్ళయింది. విరుదునగర్ సంబంధం. పెళ్ళికొడుకు సెల్వకుమార్ ఎవరో కాదు, వాసుకి నాన్నకు స్వయానా చెల్లెలు ముత్తమ్మాళ్ కొడుకు. మావాళ్ళలో అన్న కూతుర్ని కోడలిగా తెచ్చుకోవడం హక్కు. ఆ హక్కు వదులుకున్నవాళ్ళని చేతకానివాళ్ళంటారు. మేనమామగా పెళ్ళిమాల అందించాల్సింది వాత్యారే. ఆయన మాల అందించి ఊరుకుంటే బాగుండేది. పెళ్ళికూతురి పట్టుచీరను వాయించి ఆశీర్వదిస్తానని హార్మోనియం పెట్టె విప్పారు. పట్టు దండలో మూడు నాలుగు పూసలే మళ్ళీ మళ్ళీ వస్తాయట. అరగంటసేపు అవే స్వరాలు. పెట్టె పాడైపోయిందని జాలిపడి నాదస్వరం ఆయన బాగుచెయ్యడానికి స్క్రూడ్రైవరు తెచ్చాడు. ముత్తమ్మాళ్ మాత్రం నలుగురిలోనూ తేల్చి చెప్పింది.

"అన్న కూతురని పిల్లని కొంచపోతా ఉండాను. ఈ బావ మాత్రం మా ఇంటికి పెట్టె లేకండా రావాల."

రెండేళ్ళకు వాసుకికి ఆడపిల్ల పుట్టింది. జోతిలక్ష్మి అని పేరు పెట్టారు. చక్కని పిల్ల. కానీ వెనకనుంచి పిలిస్తే తిరిగి చూసేది కాదు. మూడో ఏడు వచ్చినా మాట రాలేదు. మదురైలో డాక్టర్లు చూసి పిల్లకు పుట్టుకతోనే వినపడదని చెప్పారు. ముత్తమ్మాళ్‌కు కారణం ముందే తెలుసు. వాసుకి కడుపుతో ఉన్నప్పుడు, ఏడో నెలలో, వెంబకోట్టై దగ్గర స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళింది. టపాకాయలు తయారయ్యే ఊరు, పెళ్ళికి కొనే పని లేదు గనక చెవులు పగిలేట్టు కాల్చారు.

"వెడి సత్తం కాడికి పోవద్దంటిని. ఇంటెనా? కడుపులో పిల్ల చెవులు కాల్చేసె" అని ఆమె కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది. వాసుకి మొదట కాదంది. తర్వాత ఏడ్చింది. చివరికి తానే నమ్మింది. పుట్టింటికి వచ్చినప్పుడు పిల్లను ఒళ్ళో పెట్టుకుని, దాని చెవుల మీద తన అరచేతులు కప్పి కూర్చునేది.

2004లో ముత్తమ్మాళ్ ఇంకో మాట అనేసింది. ఎండాకాలంలో వచ్చే వైకాసి నెల చివరి ఆదివారం పెద్దలు కూర్చుంటారు, తెగదెంపులు చేసి వాసుకిని పిల్లతో సహా పుట్టింటికి పంపేస్తారు, సెల్వకుమార్‌కు వేరే సంబంధం చూస్తారు. సెల్వకుమార్ తల వంచుకున్నాడు. వాడు తల ఎత్తడం నేను పెళ్ళిఫోటోలో మాత్రమే చూశాను.

ఆ నెలంతా వాత్యారు నన్ను "ఏం తింటివి?" అని అడగలేదు. నేను కావాలని ఎదురుగా నిలబడి కడలమిట్టాయి కొరికినా, వేరుశనగ వాయించలేదు. ఒక కొత్త పాట మొదటి రోజు చివరిదాకా వాయించి, మర్నాటినుంచి రోజూ సాయంత్రం అదే మొదలుపెట్టి కాసేపటికే ఠక్కున ఆపి లేచిపోయేవారు. వీధి మొత్తానికి తుమ్ము వచ్చి ఆగినట్టుండేది. నాలుగో రోజుకి రాజాత్తి గోడ మీంచి తల పెట్టింది.

"ఏమి వాత్యారయ్యా, మూడో సొరం కాడ ఒక గుర్రం వచ్చె. ఇరవై నాలుగులో ఇంకోటి రావాల. దినమూ ఇరవై మూడుకే మూసేస్తారే? యాడ పోయె ఆ గుర్రం?"

"అది రాదు రాజాత్తీ" అన్నారు ఆయన. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు తెలియదు.

ఆ రోజు నన్ను లోపలికి పిలిచి కాగితాలు చూపించారు. ఏడాది కిందట చెన్నై నుంచి పరిశోధకులు విరుదునగర్ వచ్చి, వినపడని పిల్లల కుటుంబాల రక్తం తీసుకువెళ్ళారు. జోతి, వాసుకి, సెల్వకుమార్ ఇచ్చారు. రక్తమిచ్చిన వాళ్ళకు బ్రెడ్డూ పాలూ ఇస్తున్నారని ముత్తమ్మాళ్ కూడా ఇచ్చింది. తోడు వెళ్ళిన వాత్యారు ఊరుకుంటారా, ఆయనా ఇచ్చారు. ఐదుగురి ఫలితాలూ ఆయన పేరుకే వచ్చాయి. చెవి లోపల పనిచేసే ఒక మాంసకృత్తు ఉందట, రెండు వందల ఇరవై ఆరు పూసలది. దాని రాత ప్రతి మనిషిలోనూ రెండు ప్రతులు ఉంటుంది, అమ్మ దగ్గరనుంచి ఒకటి, నాన్న దగ్గరనుంచి ఒకటి. ఒక్కటి నిండుగా ఉన్నా చాలు, వినపడుతుంది. జోతికి రెండు ప్రతుల్లోనూ ఇరవై నాలుగో పూస ఉండాల్సిన చోట 'ఇంక చాలు' అని రాసి ఉంది. గుర్రం రాదు, దాని వెనక రావలసినవేవీ రావు.

"అయితే టపాకాయలు?"

"వెడికీ దీనికీ సంబందం లేదప్పా. వాసుకి ఆ పెండ్లికి పోకపోయినా ఇంతే."

వాసుకికి ఒక ప్రతి ఆగిపోయింది, ఒకటి నిండు. సెల్వకుమార్‌కూ అంతే. నాలుగో కాగితం చూసి నేను ఆగాను. ముత్తమ్మాళ్‌దీ అంతే. లెక్కలు చెప్పేవాణ్ణి గనక వెంటనే అర్థమైంది. వాసుకి ఆమె అన్న కూతురు, సెల్వకుమార్ ఆమె కొడుకు. ఆగిపోయిన పాట రెండువైపులా ఆమె పుట్టింటినుంచే వచ్చింది. ఐదో కాగితం వాత్యారుది. ఆయన రెండు ప్రతులూ నిండుగా ఉన్నాయి.

"ఇంకేం సార్! ఈ నాలుగో కాగితం నలుగురిలో పెడితే ఆ మహాతల్లి నోరు మళ్ళీ లేవదు" అన్నాను. నాకు నిజంగా పండగలా ఉంది.

ఆయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నారు. పెళ్ళిమాల అందించింది తానేనని మాత్రం రెండుసార్లు అన్నారు.

ఆదివారం విరుదునగర్ బస్సెక్కాం. ఆయన ఒళ్ళో హార్మోనియం, నా పక్కన రాజాత్తి. ఎండుమిరపకాయలు కొనుక్కోవాలని ఆమె వంక. ముత్తమ్మాళ్ పెట్టెను చూడగానే ముఖం ముడుచుకుంది.

"బావా, ఇది పెండ్లి కాదు."

"తెలుసు ముత్తమ్మా. ఒక్క పాట. దాని తర్వాత మీ ఇష్టం."

పెద్దమనిషిగా కూర్చున్న మారిసామి నాయకర్ సరేనన్నాడు. ఎనభై దాటినవాడు, పాటంటే ఏ దేవుడి పాటో అనుకున్నాడు. వాత్యారు కాళ్ళు కడుక్కుని, నామం సరిచేసుకుని కూర్చుని, ముందు ఆ పాట మొత్తం వాయించారు. నవ్వొచ్చినవాళ్ళు కూడా నవ్వలేదు. ఆయన ముఖం అట్లా ఉంది. తర్వాత రెండు ప్రతుల సంగతి నెమ్మదిగా చెప్పి, "ఇది వాసుకిది" అంటూ ఒకటి నిండుగా, ఒకటి ఆగిపోయినట్టు వాయించారు. "ఇది సెల్వకుమార్‌ది." మళ్ళీ ఒకటి నిండు, ఒకటి సగంలోనే.

"ఇప్పుడు మన జోతిది."

ఇరవై మూడు స్వరాలు. ఆగింది. మళ్ళీ ఇరవై మూడు. ఆగింది. తిత్తి గాలి మాత్రం ఉసూరుమంది.

"గుర్రం రాలా!" అంది రాజాత్తి, నిలబడి. "రెండుతూరీ రాలా! పావం, బిడ్డకి రెండుతూరీ రాలా!"

అందరికీ అర్థమైంది. నేను గంట చెప్పినా అర్థం కానిది ఆ ఒక్క మాటతో అర్థమైంది. వాసుకి తల ఎత్తి చూసింది. "అట్లయితే నేను ఆ పెండ్లికి పోయినందుకు కాదా మామా?" అని అడిగింది.

"కాదమ్మా. నువ్వేం చెయ్యలా. ఎవురూ ఏం చెయ్యలా."

ఇన్నేళ్ళ ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది వాసుకికి. అప్పుడు మారిసామి నాయకర్ గొంతు సవరించుకుని, పెద్దవాళ్ళు తప్పక అడిగే ప్రశ్న అడిగాడు.

"సరి వాత్యారే. ఈ ఆగిపోయిన పాట ఏ ఇంటిలోంచి వచ్చె?"

నేను ముత్తమ్మాళ్ వైపు చూశాను. ఆమె మూర్ఖురాలే గాని తెలివితక్కువది కాదు. చుట్టరికాలు వేళ్ళమీద లెక్కపెట్టగలదు. ఆమె వేళ్ళు చీర కొంగులో కదిలి, కదిలి, ఆగిపోయాయి. ముఖం తెల్లబోయింది. నా కాలు వాత్యారు సంచిని తన్నింది, కాగితం తియ్యమని. ఇక ఒక్క స్వరం చాలు, కేసు గెలిచినట్టే.

ఆయన కాగితం తియ్యలేదు. "ఇది నాది" అని మెట్ల మీద వేలు పెట్టారు. ఒకటి, రెండు, మూడో స్వరం దగ్గర మొదటి గుర్రం. లెక్కపెడుతున్నాను. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. వేలు గాలిలో ఆగింది. గుర్రం బొమ్మ మీద పడలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నాకూ ఒకటి అట్లనే ఉండాది నాయకరే. ప్రతి ఇంటిలోనూ ఏదో ఒక పాట యాడో ఆగిపోయే ఉంటాది. ఏ ఇల్లని చెప్పేది? మా ఇల్లు అని రాసుకోండి."

రాజాత్తి వేళ్ళమీద మళ్ళీ లెక్క చూసుకుంది.

చివరికి ముత్తమ్మాళ్ లేచి, వాసుకి ఒళ్ళోంచి జోతిని ఎత్తుకుంది. "ఏం కూర్చోని ఉండారు అందురూ? నా మనవరాలు యాడికీ పోదు, దాని అమ్మా పోదు. లేచి తినండి" అంది. సెల్వకుమార్ తల ఎత్తాడు. నూనెలో వేయించిన పొరిచ్చ పరోటాలు తెప్పించారు. అవి తిన్నాక వాత్యారు గోధుమపిండి వాయిస్తారేమోనని భయపడ్డాను. వాయించలేదు.

తిరుగు బస్సులో అడిగాను. "మీవి రెండూ నిండుగానే ఉన్నాయి కదా సార్?"

"చెయ్యి జారె."

"జారితే మొదటినుంచి వాయించాలి కదా?"

"ఇంకోనాడు" అని కిటికీలోంచి సాత్తూరు దోసతోటలు చూస్తూ కూర్చున్నారు.

ముత్తమ్మాళ్ ఊరుకునే మనిషి కాదు. రెండు నెలల తర్వాత వాసుకినీ జోతినీ వెంటబెట్టుకుని, శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా డబ్బాతో కోవిల్‌పట్టిలో దిగింది. డబ్బా అక్కడ పెట్టి, గుమ్మంలోనే నిలబడి, నేలచూపులు చూస్తూ అడిగింది.

"బావా, ఆ నాడు మీ సంచిలో నాది ఒక కాగితం ఉండె గదా. వాయించలేదే?"

వాత్యారు కళ్ళజోడు తుడుచుకున్నారు. చాలా గంభీరంగా ఆమె వైపు చూశారు.

"ఏం తింటివి ముత్తమ్మా?"

ఆమె డబ్బా మూత తీసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, చాప మీద కాళ్ళు ముడుచుకుని బుద్ధిగా కూర్చుంది. "పాలకోవా" అంది.

"పాలు. నూట తొంబై తొమ్మిది సొరాలు" అని ప్రకటించారు వాత్యారు. జోతి వచ్చి హార్మోనియం చెక్కకు ఒక అరచెయ్యి ఆనించి నిలబడింది. ఒక్కో మెట్టు నొక్కినప్పుడల్లా చెక్క వణికే తీరు దానికి వేరువేరుగా తెలుస్తోందట, వాసుకి చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత నేను ఈయన కచేరీల గురించి ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఆ రోజునుంచి మానేశాను.

పాల దండలో గుర్రం రెండే సార్లు వస్తుంది. ఒకటి నూట అరవై నాలుగులో. రెండోది ఆఖరి స్వరం. నూట తొంభై ఎనిమిది అయ్యాక వాత్యారు గుర్రం బొమ్మకు పైన వేలు ఆపారు. ముత్తమ్మాళ్ ఊపిరి బిగబట్టింది, గోడవతల రాజాత్తి గిన్నెల చప్పుడు ఆగింది. జోతి ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, చెక్క మీది చెయ్యి తీసి, గుర్రం బొమ్మ మీద ఠపీమని ఒక దెబ్బ వేసింది.